రెండు కాళ్ళూ పట్టుకోకు

మా మరిదికి ఓర్వలేనితనం ఎక్కువని నేనంటే మా చెల్లి ఒప్పుకోదు. "ఆయన మనసు మంచిదక్కా" అంటుంది. మంచిదే, నేను కాదన్నానా? మంచి మనసులో కుళ్ళు ఉండకూడదని ఎక్కడా రాసిలేదు. పైగా మంచివాళ్ళ కుళ్ళే చూడ్డానికి ఎక్కువ కష్టంగా ఉంటుంది. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని ఊరుకోవచ్చు.

మా షాపు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే ఒకే గది. ముందు సగంలో నా కుట్టుమిషను ఉంటుంది. జిప్పులు మారుస్తాను, ప్యాంట్లు పొట్టి చేస్తాను, దిండు గలీబులు కుడతాను. వెనక సగంలో మరిది రిపేరు బల్ల. మధ్యలో నేనే కుట్టిన పరదా ఒకటుంది గానీ దాన్ని ఎవరూ ఎప్పుడూ వెయ్యరు. అందుకని వాళ్ళిద్దరి మధ్యా నడిచినవన్నీ నా చెవిన పడుతూనే ఉంటాయి. నేను కావాలని వినను. చెవులకి జిప్పు వెయ్యలేం కదా.

మరిది ఈ పని ఊళ్ళో రిపేర్లు నేర్పే మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు. మిక్సీ, ఆంప్లిఫయర్, ఇన్వర్టర్, ఛార్జర్, ఏది తెచ్చినా ముందు మూత విప్పి ముక్కుతో వాసన చూస్తాడు. తర్వాత పసుప్పచ్చ డిజిటల్ మల్టీమీటర్ తీస్తాడు. దానికి ఎరుపొకటి, నలుపొకటి రెండు తీగలు, తీగల చివర సూదులు. ఆ రెండు సూదుల్నీ ఒకదానికొకటి తాకిస్తే మీటరు 'బీప్' మంటుంది, అంటే తీగలు బాగున్నట్టు. ఆ కూత వినకుండా మరిది ఏ పనీ మొదలుపెట్టడు. వచ్చినవాళ్ళకి ఆ కూత అంటే మహా నమ్మకం. బీప్ అనగానే తమ వస్తువు సగం బాగుపడిపోయినట్టు ముఖాలు పెడతారు. అలా అతనికి 'మీటరు బాబాయ్' అనే పేరు పడింది. సొంత పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడ్డం కూడా మర్చిపోయాడు.

ఇన్వర్టర్ల పని పెరిగి ఇళ్ళకి తిరగాల్సి వచ్చేసరికి షాపులో ఒక మనిషి కావాల్సి వచ్చింది. "నువ్వు కూర్చోవే, నేను నేర్పిస్తా" అని మా చెల్లిని కూర్చోబెట్టింది అతనే. ఈ ముక్క గట్టిగా గుర్తుంచుకోండి, ఎందుకంటే అతనికి గుర్తులేదు.

నేర్పడం మాత్రం బాగా నేర్పాడు. పాడైపోయిన బోర్డుల నుంచి ఊడదీసిన పార్టులు ఒక డబ్బా నిండా ఉండేవి. వాటిలో మంచివీ చెడ్డవీ వేరుచెయ్యడం మా చెల్లి పని. డయోడ్ అనే నల్లటి చిన్న గింజని చేతికిచ్చి, "ఇది ఒకవైపు తెరుచుకుని రెండోవైపు మూసుకునే తలుపనుకో. సూదులు ఇటు పెడితే మీటర్లో అంకె రావాలి, తిప్పి పెడితే రాకూడదు. రెండువైపులా వచ్చినా, రెండువైపులా రాకపోయినా పోయినట్టే" అని చెప్పేవాడు. నేను పైజమాకి నాడా ఎక్కిస్తూ వినేదాన్ని. నాకే అర్థమయ్యేలా చెప్పాడంటే చూడండి.

మా చెల్లి మొదట్లో నత్తలా చేసేది. నా దగ్గర్నుంచి ఒక గుడ్డపీలిక అడిగి తీసుకుని, పార్టుని దాని మీద పడుకోబెట్టి, చేతులు తగలకుండా పైనుంచి సూదులు ఆనించేది. నవ్వొచ్చేది నాకు, పసిపిల్లకి జ్వరం చూస్తున్నట్టు. కానీ ఒకసారి అది 'మంచిది' అని పక్కన పెట్టిందంటే ఆ పార్టు ఇక తిరిగి రాలేదు. మరిది అందరికీ "నా శిష్యురాలు, నా శిష్యురాలు" అని చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ మురిపెం ఎన్నాళ్ళు ఉంటుందా అని నేను చూస్తూ ఉన్నాను.

మైకుసెట్టాయన ఆంప్లిఫయర్ తెచ్చేవరకూ ఉంది.

ఆ ఆంప్లిఫయర్లో ఒక ట్రాన్సిస్టర్ కాలిపోయింది. మరిది కొత్తది వేశాడు, అదీ కాలిపోయింది. ఇంకోటి వేశాడు, అదీ పోయింది. ముఖం కందగడ్డ చేసుకుని ఇన్వర్టర్ పని మీద బయటికి వెళ్ళిపోయాడు. మా చెల్లి ఆ ట్రాన్సిస్టర్ జోలికి పోలేదు. దాని చుట్టూ ఉన్న పార్టుల్ని ఒక్కొక్కటే కాలు లేపి చూసుకుంటూ పోయింది. కాలు అంటే పార్టుకి ఉండే తీగ. బోర్డుకి రెండు కాళ్ళూ అతుక్కుని ఉన్నప్పుడు కొలిస్తే పక్కవాటి లెక్క కూడా కలిసిపోతుందట, అందుకని ఒక కాలు ఊడదీసి చూస్తారు. అలా చూస్తే ఒక డయోడ్ రెండువైపులా తలుపులు బార్లా తెరిచి కూర్చుని ఉంది. అది మార్చి, ఇంకో ట్రాన్సిస్టర్ వేసింది. ఆంప్లిఫయర్ పాడింది. నా సూది విరిగేంత గట్టిగా పాడింది.

మైకుసెట్టాయన చేతులెత్తి, "మీటరు బాబాయ్‌ని మించిపోయావు, నువ్వు మీటరమ్మవి తల్లీ" అన్నాడు. సరిగ్గా అప్పుడే మరిది గుమ్మంలో అడుగుపెట్టాడు. నేనతని ముఖం చూశాను. నవ్వాడు, నవ్వకేం? పళ్ళు మాత్రం నవ్వాయి.

ఇక అక్కణ్ణుంచి ఆ పేరు ఊరంతా పాకింది. "మీటరమ్మ ఉందా?" అని వచ్చేవాళ్ళు. మరిది బల్ల దగ్గరే కూర్చుని ఉంటే, అతన్ని దాటి లోపలికి తొంగిచూసేవాళ్ళు. "నేను చూస్తానివ్వండి" అంటే, "పర్లేదు బాబాయ్, అమ్మ వచ్చాక చూపిస్తాం" అనేవాళ్ళు. ఒకరోజు ఫోన్ ఎత్తితే అటువైపు మనిషి "మీటరమ్మ షాపేనండీ?" అని అడిగాడు. మరిది "రాంగ్ నంబర్" అని పెట్టేశాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అతను రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త కడుపులో మండేది. నేను ఎన్నేళ్ళ నుంచో కుడుతున్నాను, 'మిషనమ్మ' అని ఒక్కడు పిలిచిన పాపాన పోలేదు. అయితే నా మంట పైకొచ్చి ఆరిపోయేది. మరిదిది లోపలే రగిలేది.

రోజూ పొద్దున్నే మా చెల్లి కంటే ముందు వచ్చి, అది మంచివని ఏరిపెట్టిన పార్టుల డబ్బా ముందేసుకుని మళ్ళీ మొదటినుంచీ కొలిచేవాడు. ఒక్కటైనా చెడ్డది దొరక్కపోతుందా అని. వారాల తరబడి చూశాడు పాపం. చివరికి ఒకరోజు ఒక డయోడ్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"చూశావా వదినా! పోయిన డయోడ్‌ని మంచివాటిలో వేసింది!"

"అయ్యో, ఎంత ఘోరం! పోలీసుల్ని పిలవనా?" అన్నాను.

"నీకన్నీ వేళాకోళమే. ఇది ఎవరి సెట్లోనైనా పడుంటే మన పరువేం కావాలి?"

ఆ డయోడ్‌ని చొక్కా జేబులో వేసుకున్నాడు. మా చెల్లిని ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా జేబు తడిమి చూసుకునేవాడు. ప్రియురాలి ఫోటో దాచుకున్నవాణ్ణి చూశాను గానీ, పెళ్ళాం చేసిన తప్పుని గుండెల మీద పెట్టుకు తిరిగేవాణ్ణి అప్పుడే చూశాను. చొక్కాతో పాటు ఉతుకులో పోయేదాకా అది అక్కడే ఉంది.

తర్వాత ఇళ్ళకి వెళ్ళేటప్పుడు పసుప్పచ్చ మీటర్ని వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. అక్కడ దాని అవసరం ఉన్నా లేకపోయినా సరే. మా చెల్లి పాతసామాన్లాయన దగ్గర మూలపడున్న మీటరొకటి తెచ్చుకుని, వదులైన తిప్పుడుమీట సరిచేసుకుని దాంతోనే పని సాగించింది. సాయంత్రం వచ్చి అది చూసిన మరిది, "ఇందులో అంకెలు సరిగ్గా రావు" అన్నాడు. రెండు మీటర్లూ పక్కపక్కన పెట్టి కొలిచాడు. రెండూ ఒకే అంకె చూపించాయి. ఆ రోజు తాగిన టీ చప్పగా ఉందన్నాడు, ఫ్యాను గాలి రావడం లేదన్నాడు, నా మిషను చప్పుడుకి తలనొప్పొస్తోందన్నాడు.

ఇంతకీ అసలు కథ కుర్చీది.

మాస్టారు వాళ్ళింటి మేడమీద గదిలో వారానికోసారి పని నేర్పే క్లాసు పెడతారు. బల్ల చుట్టూ నేర్చుకునేవాళ్ళు నిలబడతారు, మాస్టారు మాత్రం చేతుల కుర్చీలో కూర్చుని చెబుతారు. ఆ కుర్చీలో ఆయన తర్వాత కూర్చోబోయేది తనేనని మరిది పెళ్ళి కాకముందు నుంచీ అనుకుంటున్నాడు. మా చెల్లిని చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా ఆ మాట చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు మాస్టారికి చూపు బాగా మందగించింది. మనుషుల్ని ఆనవాలు పడతారు గానీ మీటర్లో అంకె కనపడదు. క్లాసు ఎవరికో ఒకరికి అప్పజెబుతారని అందరికీ తెలిసింది.

ఒకరోజు ఆయన ఫోన్ చేసి, "మా బ్యాటరీ ఛార్జర్ చచ్చిపోయిందిరా. నువ్వూ అమ్మాయీ ఇద్దరూ వచ్చి చూడండి" అన్నారు.

'ఇద్దరూ' అన్న మాట మరిది గొంతుకి అడ్డంపడింది. "ఒక ఛార్జర్‌కి ఇద్దరెందుకు వదినా?" అని నన్నడిగాడు. ఎందుకో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మాస్టారి భార్యకి గలీబులు ఇవ్వాల్సి ఉంటే నేనూ వాళ్ళతో పాటు బయల్దేరాను. ఇవ్వాల్సింది లేకపోయినా బయల్దేరేదాన్నే.

మేడమీద కిటికీ పక్కన బల్ల. మాస్టారు ఆ కుర్చీలో కళ్ళు సగం మూసుకుని కూర్చున్నారు. మరిది ఛార్జర్‌కి కరెంటు తీసేసి, మూత విప్పి, లోపల మిగిలిన కరెంటు కూడా దింపేశాడు. వాసన చూశాడు. మా చెల్లి ఇంకా సంచిలోంచి గుడ్డపీలిక తియ్యకముందే వేలు పెట్టి చూపించాడు.

"ఈ ఒన్ మెగ్ రెసిస్టర్ పోయింది మాస్టారూ. ఈ రకం ఛార్జర్లలో ముందు పోయేది ఇదే."

"అమ్మాయ్, నువ్వూ చూడు" అన్నారు మాస్టారు.

మా చెల్లి దాని ఒక కాలు లేపింది. గుడ్డపీలిక కిందికి తోసి, సూదులు ఆనించింది. "ఇది బాగానే ఉంది మాస్టారూ" అంది. తర్వాత పక్కనున్న చిన్న కెపాసిటర్ కాలు కూడా లేపి చూసింది. "దీని మీద నాకనుమానం. సూదులు పెట్టినప్పుడు అంకె మెల్లగా పైకెక్కాలి కదా, ఇది అసలు ఎక్కడం లేదు. ఎండిపోయినట్టుంది."

"ఏదీ, ఇటివ్వు" అన్నాడు మరిది. మా చెల్లి చేతిలోని మీటర్ని ఇంచుమించు లాక్కున్నాడు. రెసిస్టర్ని బోర్డు నుంచి పూర్తిగా ఊడదీశాడు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక కాలినీ ఒక సూదినీ కలిపి నొక్కాడు. కుడిచేత్తో రెండో కాలినీ రెండో సూదినీ అలాగే నొక్కాడు.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. నాకు రిపేరు పని రాదు. కానీ ఒక్క సూత్రం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ఎందుకంటే నేర్పించే రోజుల్లో మరిది అది అరిచి అరిచి మా చెల్లి ప్రాణం తీశాడు. "ఒక కాలు పట్టుకో! రెండు కాళ్ళూ పట్టుకోకు!" పెళ్ళాం కాళ్ళు పట్టుకోవద్దంటుంటే నాకు ఎక్కడలేని నవ్వూ వచ్చేది. అయితే సంగతి ఏమిటంటే, పార్టు రెండు కాళ్ళూ వేళ్ళతో పట్టుకుంటే, మీటరు నుంచి వచ్చే కరెంటు పార్టులోంచే కాక మనిషి ఒంట్లోంచి కూడా దారి చేసుకుంటుంది. కరెంటుకి ఎక్కువ అడ్డుపడే పెద్ద రెసిస్టర్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అప్పట్లో తనే ఇలాంటి ఒన్ మెగ్ రెసిస్టర్ని, అంటే వెయ్యి కిలో ఓమ్‌లదాన్ని, రెండు చేతులా పట్టుకుని, "చూడు, వెయ్యి చూపించాల్సింది ఆరొందలే చూపిస్తోంది" అని చూపించాడు కూడా.

ఆ మనిషే ఇప్పుడు రెండు కాళ్ళూ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంతొస్తోంది?" అన్నారు మాస్టారు.

"రెండొందల ముప్ఫై!" మరిది గొంతులో సంతోషం దాగలేదు. "వెయ్యి ఉండాల్సింది రెండొందల ముప్ఫై. చెప్పలేదా? పోయింది. బాగుందంటోంది ఈవిడ!"

మాస్టారు కనుబొమలు ముడిచారు. "తగ్గిందా? రెసిస్టర్ పోతే అంకె పైకి పోతుంది గానీ కిందికి దిగడమేమిట్రా?"

"పాత సరుకు మాస్టారూ, ఎటైనా పోతుంది. కళ్ళెదురుగా చూస్తున్నాగా." అంటూనే కాళ్ళని ఇంకా గట్టిగా నొక్కాడు. తప్పు చేస్తున్నానని అతనికి తెలియదు, ప్రమాణం చేసి చెప్పగలను. తెలిసి చేసే మోసం అతని వల్ల కాదు. మా చెల్లి తప్పవ్వాలనే కోరికతో కళ్ళు మూసుకుపోయి, తన చేతులు తనకే కనపడటం లేదు.

నాకు కనపడుతున్నాయి. నోరు ఊరుకోనంటోంది. 'ఒరేయ్ బుద్ధిహీనుడా, చేతులు చూసుకో' అని అరుద్దామని నోరు తెరిచాను. మా చెల్లి నా వైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను. చిన్నప్పటినుంచీ ఆ చూపంటే నాకు భయం.

మాస్టారు ముఖం మా చెల్లి వైపు తిప్పారు. "ఏమ్మా, ఏమంటావు? నీ లెక్క బాగుందంది. మీ ఆయన లెక్క పోయిందంటోంది."

మా చెల్లి మొగుడి వేళ్ళకేసి చూస్తూ, మెల్లగా అంది:

"వదిలెయ్యండి."

మాస్టారు అది ఓడిపోయి అన్న మాటనుకున్నారు. పోనీలెండి, ఆయన చెప్పిందే కానివ్వండి అన్నట్టుగానే వినపడింది మరి. "సరేనమ్మా" అని నిట్టూర్చారు. నేనూ ఒక్క క్షణం అలాగే అనుకుని పళ్ళు కొరుక్కున్నాను.

మరిది కూడా అలాగే అనుకోవచ్చు. అతని కుర్చీ అతనికి వచ్చేసినట్టే. కానీ అతను మా చెల్లి ముఖంలోకి చూశాడు, అది ఎటు చూస్తోందో అటు చూశాడు. తన వేళ్ళు కనపడ్డాయి. నెత్తురంతా ముఖంలోకి వచ్చింది.

ఎవరికీ తెలియదు. మాస్టారికి కనపడదు, మా చెల్లి చెప్పదు. ఆ రెసిస్టర్ని కిటికీలోంచి అవతల పారేసి, మాటా పలుకూ లేకుండా రెండు పార్టులూ మార్చేస్తే ఛార్జర్ లేచి కూర్చునేది. నేనున్నాననే సంగతి అతనికి గుర్తుందో లేదో నాకు తెలియదు. అలా ఎంతసేపు నిలబడ్డాడో కూడా చెప్పలేను. నాకు మాత్రం చాలాసేపనిపించింది.

అప్పుడు కుడిచెయ్యి వదిలాడు. రెసిస్టర్ని మా చెల్లి గుడ్డపీలిక మీద పెట్టాడు. సూదులు పైనుంచి ఆనించాడు.

"తొమ్మిదొందల తొంభై ఎనిమిది" అన్నాడు. మళ్ళీ గట్టిగా చెప్పాడు. "తొమ్మిదొందల తొంభై ఎనిమిది మాస్టారూ. పార్టు బాగుంది. నేనే రెండు కాళ్ళూ పట్టుకున్నాను."

మాస్టారు కెపాసిటర్ మార్చమన్నారు. మా చెల్లి మార్చింది, ఛార్జర్ దీపం వెలిగింది. మరిది మూత బిగించాడు. మాస్టారు టీ తాగి గ్లాసు కింద పెట్టి, వాతావరణం గురించి చెబుతున్నట్టు, "వచ్చే వారం నుంచి క్లాసు నువ్వు చెప్పమ్మా" అన్నారు. ఏ అమ్మకో వేరే చెప్పక్కర్లేదు. "నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి" అని మరిదిని భుజం తట్టి ఓదారుస్తారేమోనని చూశాను. అదేం లేదు. పనిలో ఆయన అంత మెత్తటి మనిషి కాదు. మరిది "సరే మాస్టారూ" అన్నాడు.

షాపుకి వచ్చాక కూడా ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం. నేను మిషను తొక్కుతున్నాను. పరదా ఎప్పట్లాగే పక్కకి తోసి ఉంది.

"అక్కడే చెప్పొచ్చుగా, రెండు చేతులూ పెట్టానని" అన్నాడు మరిది, తల ఎత్తకుండా.

"చెప్పాగా. వదిలెయ్యమన్నాగా."

చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్నాడు, "నువ్వు తప్పని తేలాలని ఎంత కోరుకున్నానో నీకు తెలీదే."

"తెలుసు" అంది మా చెల్లి. పార్టులు ఏరుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు. "మామూలుగా మీ చేతులు తగిలితే ఆరొందలకి దిగుతుంది. మీరే చూపించారు. ఇవాళ రెండొందల ముప్ఫై. అరచేతులు అంతలా చెమటపడితే తప్ప అంత దిగదు." ఒక డయోడ్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి పక్కన పెట్టింది. "నా మీద అంతుందా మీకు?"

నా కాలు మిషను మీద ఆగిపోయింది. లేదంటాడేమో, నవ్వేసి మాట తప్పిస్తాడేమో అనుకున్నాను.

"ఉంది" అన్నాడు. "ఇంకా ఉంది."

మా చెల్లి ఇంకో డయోడ్ చేతిలోకి తీసుకుంది. మరిది అరచేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తుడుచుకున్నాడు.